వాక్యమును నెమరువేయుట

చదువదగిన భాగములు: యెహోషువ 1:6-9, కీర్తన 1, కీర్తన 77, మార్కు 4:35-41, లూకా 2:15-20



మన సంఘములలో ప్రార్థన యనిన ఎరుగనివారు లేరు. శుక్రవారపు ఉపవాస ప్రార్థనలు, ఇంటింటి కూటములు, క్రొత్త సంవత్సరపు రాత్రి కూడికలు మనకు వాడుకయే. పాటలకును కొదువలేదు. అయితే ధ్యానమను మాట వినగానే మనవారిలో రెండు విధములైన తలంపులు పుట్టుచున్నవి. కొందరు “అది మన మతములోనిది కాదు, కన్నులు మూసికొని గుహలో కూర్చుండువారిది” అందురు. మరికొందరు “అది చదువుకొన్న అయ్యగార్లకు తగినది, ప్రొద్దున లేచి కూలికి పోవు మాకెక్కడ కుదురును” అందురు. మేము గ్రామములు తిరుగునప్పుడు ఈ రెండు మాటలను తరచుగా వినుచున్నాము. మొదటి మాటను ఎక్కువగా పెద్దలును, రెండవ మాటను ఎక్కువగా స్త్రీలును చెప్పుదురు. రెండవదానికి ఎక్కువ ఓపికతో జవాబు చెప్పవలసియున్నది. ఏలయనగా అది సోమరి పలుకు కాదు, అలసిన ప్రాణము పలుకు.

మొదట మాటను చూతము. యెహోషువ 1:8లోను, కీర్తన 1:2లోను మన తెలుగు బైబిలులో ధ్యానించుటయని యున్నచోట హెబ్రీ మూలమున నున్న మాట ‘హాగా’. దాని మొదటి అర్థము మౌనముగా కూర్చుండుట కాదు. నోటిలో గొణుగుకొనుట, లోగొంతుకతో పలుకుట. ఈ మాట బైబిలులో మరెక్కడెక్కడ వచ్చినదో చూచినయెడల మనకు ఆశ్చర్యము కలుగును. యెషయా 31:4లో సింహము తాను పట్టిన వేటమీద నిలిచి గుర్రుమనుటకు ఇదే మాట. యెషయా 38:14లో రోగియైన హిజ్కియా రాజు గువ్వవలె మూలిగితినని చెప్పుకొనుటకును ఇదే మాట. సింహము తనకు దొరికిన యెరను విడువదు. కాపరులందరు కూడి కేకలు వేసినను దానిని వదలి పోదు. గువ్వ ఒకే స్వరమును మరల మరల పలుకును. ఈ రెండును కలిపి తలపోసిన, కీర్తనకారుడు ధన్యుడని చెప్పిన మనుష్యుడు ఎట్టివాడో బోధపడును. దొరికిన వాక్యమును విడువనివాడు. దానినే తనలో తాను పలుకుకొనువాడు.

ఇంకొక సంగతి. రెండవ కీర్తన మొదటి వచనములో జనములు దేవునికి విరోధముగా వ్యర్థమైనదానిని తలంచుచున్నారని చెప్పుటకును అదే ‘హాగా’ వాడబడినది. మొదటి కీర్తనలో నీతిమంతుడు చేయు పనియే రెండవ కీర్తనలో తిరుగుబాటుదారులు చేయుచున్నారు. దీనినిబట్టి ధ్యానింపని మనుష్యుడు లేడని తెలియుచున్నది. పొలము గట్టు తగాదాపడినవాడు రాత్రియంతయు ఎదుటివాని మాటలనే మననము చేయుచుండును గదా. అప్పు తీర్చలేనివాడు వడ్డీలెక్కను నడిరాత్రి మరల మరల వేసికొనుచుండును. కోడలు అత్తగారన్న ఒక్క మాటను పదిదినములు మనస్సులో త్రిప్పుకొనును, అత్తయును అంతే. వారికి ధ్యానము చేయుట ఎవరును నేర్పలేదు. కాబట్టి ధ్యానము మాకు రాదు అనుటకు మనలో ఎవరికిని వీలులేదు. వచ్చును. దేనిమీద చేయుచున్నామనునదే ప్రశ్న.

మన పల్లెలలో దీనికి చక్కని పోలిక పశువుల కొట్టములోనే యున్నది. ఆవు అడవిలో మేయునప్పుడు గడ్డిని బాగుగా నమలదు. గబగబ కొరికి మ్రింగును. తరువాత నీడను చేరి, పండుకొని, మ్రింగినదానిని మరల నోటిలోనికి తెచ్చుకొని నిదానముగా నమలును. ఆవు కడుపులో నాలుగు అరలున్నవని పశువైద్యులు చెప్పుదురు. దినమునకు ఏడెనిమిది గంటలు అది నెమరువేయుటలోనే గడపును. మేసిన గడ్డి పాలగునది ఆ గంటలలోనే. నెమరు మానిన పశువును చూచి రైతు వెంటనే “దీనికి ఏదో జబ్బు చేసినది” అని కనిపెట్టును. ఆదివారము ఆరాధనలో మనము మూడు పాఠములు వినుచున్నాము, ఒక ప్రసంగము వినుచున్నాము. అది మేత. సోమవారము మొదలు శనివారము వరకు నెమరు లేనియెడల ఆ మేత ఏమగును? పూర్వకాలపు సంఘబోధకులు, వారిలో ఐదవ శతాబ్దపు అగస్తీను, ఈ పోలికనే ఎత్తి చెప్పిరి. లేవీయకాండము 11వ అధ్యాయములో నెమరువేయు జంతువు పవిత్రమని యుండుటను వారు ఈ విధముగా అన్వయించుకొనిరి. ఆ అన్వయము మోషే ఉద్దేశించినదో కాదో గాని, పోలిక మాత్రము పశువులను కాచినవానికి వెంటనే అర్థమగును.

ఆ కాలమున చదువుట యనిన పైకి చదువుటయే. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఐతియొపీయుడు రథములో కూర్చుండి యెషయా గ్రంథము చదువుచుండగా ఫిలిప్పు దగ్గరకు పరుగెత్తి దానిని వినెను. పైకి చదువుచుండెను గనుకనే వినబడినది. నోరు పలుకగా చెవి వినును, చెవి వినగా మనస్సు పట్టుకొనును. ఐగుప్తు అరణ్యములో కాపురముండిన అంతోని అను భక్తుని చరిత్రను నాలుగవ శతాబ్దములో అతనాసియు వ్రాసెను. అంతోని సంఘములో చదువబడిన వాక్యమును ఎంత శ్రద్ధగా వినెడివాడనగా, అతనికి జ్ఞాపకమే పుస్తకముగా నుండెనని ఆయన తెలుపుచున్నాడు. ఇది అక్షరము రానివారు గమనింపవలసిన సంగతి.

ఇప్పుడు మొదటి అభ్యంతరమునకు వత్తము. మనము భద్రాచలము నీడలో నివసించుచున్నాము. పదునేడవ శతాబ్దమున కంచెర్ల గోపన్న కట్టించిన ఆలయము గోదావరి గట్టున నున్నది. శ్రీరామనవమికి లక్షలకొలది యాత్రికులు మన ఊళ్లగుండనే నడచి పోవుచుందురు. నామజపము, ధ్యానము అను మాటలు మన చెవులలో ఆ దారినే పడుచున్నవి. అందుచేత కొందరు విశ్వాసులు ఆ మాటనే విడిచిపెట్టవలెనని తలంచుచున్నారు. పొరుగువారి భక్తిని తక్కువచేసి మాటలాడుట మన పని కాదు. వారు తెల్లవారుజామున లేచుట చూచి కొన్నిసార్లు మనము సిగ్గుపడవలసియున్నది. అయితే మాటను విడువవలసిన అక్కరలేదు. మన పితరులు తెలుగులో బైబిలును తర్జుమా చేసినప్పుడు ఈ మాటనే ఎన్నుకొనిరి. తెలుగు క్రొత్తనిబంధన శ్రీరాంపూరులో 1818లో అచ్చుపడినది. నాటినుండి నేటివరకు ఈ నేల మాటలతోనే మనము ప్రభువును స్తుతించుచున్నాము.

భేదము మాటలో లేదు. మనస్సును ఉత్తపాత్రగా చేసి అందులో నిలుచుట కొన్ని మార్గములు బోధించుచున్నవి. బైబిలు ధ్యానమునకు అది గురి కాదు. మనము పాత్రను నింపవలెను. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3:16లో క్రీస్తు వాక్యము మనలో సమృద్ధిగా కాపురముండవలెనని పౌలు కోరుచున్నాడు. చుట్టముగా వచ్చి పోవుట కాదు, కాపురముండుట. మరియు మన ధ్యానములో మనకెదురుగా ఒకరున్నారు. మనము ఆలోచించుచున్నది ఒక తత్వమును గూర్చి కాదు. మాటలాడిన దేవుని మాటను ఆయన యెదుటనే తలపోయుచున్నాము. అందుచేత ఈ ధ్యానము ఎప్పుడు ప్రార్థనగా మారునో మనకే తెలియదు.

మత్తయి 6:7ను చూపి, ఒకే మాటను మరల పలుకుట ప్రభువు నిషేధించెను గదా అని అడుగువారున్నారు. ఆయన నిషేధించినది వ్యర్థమైన మాటలను పేర్చుట, విస్తరించి మాటలాడుటవలన దేవుడు వినునని తలంచుట. గెత్సేమనేలో ఆయనయే మూడుసార్లు అవే మాటలతో ప్రార్థించెను (మత్తయి 26:44). 136వ కీర్తనలో 26 వచనములున్నవి. ప్రతి వచనమును ఒకే పల్లవితో ముగియుచున్నది. పల్లవి లేని పాట మనవారికి రుచింపదు. మరి వాక్యమును పల్లవిగా చేసికొనుటకు భయమెందుకు?

రెండవ అభ్యంతరము బరువైనది. చదువు రాదు, తీరిక లేదు, ఏకాంతమైన గది లేదు. ఒక్కొక్కటిగా చూతము.

చదువు సంగతి. మన దోర్నకల్ ప్రాంతపు సంఘములు చదువురానివారితోనే కట్టబడినవి. వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకింపబడి, ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పై, 1945 జనవరి 1న కన్నుమూయువరకు ఈ పల్లెలలోనే తిరిగిరి. ఆయన నాడు బాప్తిస్మము పొందినవారిలో అధిక సంఖ్యాకులు మాల మాదిగ పేటలవారు, పరుల పొలములలో పనిచేసినవారు, పలకను తాకి యెరుగనివారు. వారికి ఉపదేశులు రాత్రివేళ పని ముగిసిన తరువాత దీపము పెట్టి, ప్రభువు ప్రార్థనను, విశ్వాసప్రమాణమును, పది ఆజ్ఞలను, సువార్త కథలను నోటితో చెప్పించిరి, పాటగా పాడించిరి. వారిలో అనేకులు ఒక్క పుటనైనను చదువలేదు గాని, చదువుకొనిన మనకంటె ఎక్కువ వాక్యము వారి లోపల నుండెను. ఇప్పుడు మన ఇండ్లలో రెండు మూడు బైబిళ్లున్నవి, సెల్‌ఫోనులో ఒకటి యున్నది. అయితే చూడకుండ చెప్పుమనిన 23వ కీర్తన సగములో నిలిచిపోవుచున్నది. నిర్ధారణ తరగతులలో ఇది ప్రతి సంవత్సరము చూచుచునే యున్నాము.

భాష సంగతియు ఇందులోనే చేరును. దుమ్ముగూడెములో గోదావరిపై ఆనకట్ట, ఓడదారి పనులు జరుగుచున్న కాలమున ఇంజనీరుగా నుండిన హెయిగ్ దొరగారి పూనికవలన 1860లో చర్చి మిషనరీ సొసైటీవారు కోయవారి మధ్య పని ప్రారంభించిరి. ఓడదారి పథకము కొన్ని సంవత్సరములకే విడిచిపెట్టబడినది, సంఘము నిలిచినది. అక్కడ చిరకాలము సేవచేసిన జాన్ కెయిన్‌గారు కోయభాషను నేర్చుకొని లూకా సువార్తను ఆ భాషలోనికి తర్జుమా చేసిరి. తెలుగు వచ్చిన కోయవారున్నారు గదా, మరల కోయలో ఎందుకని ఆనాడు అడిగినవారు ఉండియుందురు, ఈనాడును అడుగుచున్నారు. మేము చెప్పునదేమనగా, సంతలో బేరమాడు భాష వేరు, బిడ్డను జోకొట్టు భాష వేరు. ధ్యానము రెండవ భాషలో జరుగును. గూడెములలోని మన సహోదరులు ఆదివారము తెలుగులో వినిన వచనమును ఇంటికి పోయి కోయమాటలో ఒకరికొకరు చెప్పుకొనవలెను. చెప్పలేకపోయిన మాట ఎక్కడ వచ్చునో అక్కడ ఆగుడి. మీకు అర్థము కానిది అదియే; మరుసటి ఆదివారము దానినే అడుగుడి. తెలుగువారమైన మనమును బైబిలు తెలుగును మన ఇంటి తెలుగులోనికి మార్చి చెప్పుకొన్నప్పుడే మనకు ఎంత తెలిసినదో బయటపడును.

తీరిక సంగతి. ద్వితీయోపదేశకాండము 6:7లో దేవుని మాటలను గూర్చి మాటలాడుటకు మోషే నాలుగు వేళలు చెప్పెను: ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. ఈ నాలుగింటిలో ఒకటియు పని మానుకొనవలసిన వేళ కాదు. వేసవిలో మన స్త్రీలు చీకటితోనే లేచి ఇప్పపువ్వు ఏరుకొనుటకు పోవుదురు. ఆ తరువాత తునికాకు వచ్చును. తెల్లవారకమునుపే అడవికి పోయి, మధ్యాహ్నమునకు మూటతో తిరిగివచ్చి, నీడను కూర్చుండి యాబది ఆకులకొక కట్ట చొప్పున కట్టి, సాయంకాలము కల్లమునకు చేర్చుదురు. మా సంఘములలో ఒక వృద్ధురాలు ఉండెను. చదువు లేనిది, విధవరాలు. ఆదివారమున ఆమె గుడి బయట నిలిచి “అయ్యా, ఈ వారం ముక్క చెప్పుండ్రి” అని అడుగును. మేము వినిన పాఠములోనుండి ఒక్క వచనము చెప్పుదుము. ఆమె మూడుసార్లు చెప్పించుకొని పోవును. కట్ట కట్టి నార ముడివేయునప్పుడెల్ల ఆ వచనమును ఒకసారి పలుకును. దినమునకు ఎన్ని కట్టలో అన్నిసార్లు. ఒకసారి ఆమె మమ్మును అడిగిన ప్రశ్న: “మరియమ్మ గొల్లోళ్ల మాటలన్నీ గుండెల దాచుకున్నది గదా, మరి అండ్ల అర్థంగాని మాటలు గూడ దాచుకున్నదా?” లూకా 2:19ని మేము సెమినరీలో గ్రీకు మూలముతో చదువుకొంటిమి. అక్కడనున్న మాటకు ఒకదానిప్రక్క ఒకటి పెట్టి పోల్చుకొనుట యని అర్థము. ఆ ప్రశ్న మాత్రము మాకెవ్వరును వేయలేదు. మరియ అర్థము కానివానినే ఎక్కువగా దాచుకొనెనని 2:50, 51 వచనములు చూచిన తెలియును. పండ్రెండేండ్ల కుమారుడు దేవాలయములో చెప్పిన మాట తలిదండ్రులు గ్రహింపలేదు; అయినను తల్లి దానిని భద్రము చేసికొనెను.

గది సంగతి. మత్తయి 6:6లో గదిలోనికి పోయి తలుపు వేసికొనుమని ప్రభువు చెప్పినమాట నిజమే. ఆయనకు సొంత గది ఉండినదా? ఆయన ఇంకను చీకటియుండగనే లేచి అరణ్యప్రదేశమునకు వెళ్లెను (మార్కు 1:35). ఇస్సాకు సాయంకాలమున పొలములోనికి పోయెను (ఆదికాండము 24:63). పేతురు మిద్దెమీదికి ఎక్కెను. దావీదు పడకమీదనే తలపోసెను (కీర్తన 63:6). ఒకే గది యింటిలో ఆరుగురు నిద్రించు మనవారికి ఎడ్ల కొట్టము, నీళ్ల రేవు, మిరపచేని గట్టు ఇవియే గదులు. తలుపు సంగతి చెప్పవలెనన్న, ఈ దినములలో మూయవలసిన తలుపు అరచేతిలోనున్నది. పొలము గట్టున ఒంటరిగా కూర్చుండిన యువకుడు కూడ ఒంటరిగా లేడు. ఫోనులో లోకమంతయు అతనితో మాటలాడుచున్నది. అదే ఫోనులో బైబిలు చదువుట వినువారిని మేము మెచ్చుకొనుచున్నాము. ఒక అధ్యాయము వినిన పిమ్మట దానిని ఆపి జేబులో పెట్టవలెనని మాత్రము కోరుచున్నాము. వినుట మేత, ఆపిన తరువాతనే నెమరు.

ఇట్టి పనిలో మనకు ముందు నడచినవారిని ఇద్దరిని చూపుదుము. ఇంగ్లాండులోని బ్రిస్టలు పట్టణమున అనాథాశ్రమములను నడపిన జార్జి ముల్లరుగారి పేరు మీరు వినియుందురు. ఆయన మన గోదావరి సీమకు ఒక విధముగా బంధువే. ఆయన భార్యకు తోడబుట్టినవాడైన ఆంథొని నారిస్ గ్రోవ్సు 1836లో వెంటబెట్టుకొని వచ్చిన బౌడెన్, బీరు అను ఇద్దరు యువకులే నరసాపురము ప్రాంతమున గోదావరి డెల్టా మిషనును ప్రారంభించిరి. ముల్లరుగారు 1841లో తన దినచర్యలో ఒక మార్పును గూర్చి వ్రాసికొనిరి. అంతకుముందు అనేక సంవత్సరములు ఆయన లేచినవెంటనే ప్రార్థనకు మోకరించెడివారు. అయితే తరచుగా పావుగంటయో అరగంటయో మనస్సు ఎక్కడెక్కడనో తిరుగుచుండెడిది. పిమ్మట మొదట వాక్యమును చదువుచు, ఒక్కొక్క వచనమువద్ద ఆగి, ఇందులో నా ప్రాణమునకు ఆహారమేమని వెదకుట ఆరంభించిరి. అట్లు చేయగా కొద్ది నిమిషములలోనే తనకు తెలియకుండ ఒప్పుకోలులోనికో స్తుతిలోనికో విజ్ఞాపనలోనికో పోవుచుంటినని ఆయన చెప్పుచున్నారు. ప్రార్థనలో మాటలు దొరకవని బాధపడువారు ఈ వరుసను పరీక్షించి చూడవలెను. ముందు ఆయన మాట, తరువాత మన మాట.

రెండవవాడు ఒక మంగలి. విట్టెన్‌బర్గు పట్టణములో మార్టిను లూథరుకు క్షౌరము చేయు పేతురు అనునతడు ఎట్లు ప్రార్థింపవలెనని అడుగగా, లూథరు 1535లో అతని కొరకు ఒక చిన్న పుస్తకము వ్రాసెను. అంత గొప్ప వేదపండితుడు మంగలి కొరకు కూర్చుండి పుస్తకము వ్రాయుట మాకు ఆ పుస్తకములోని సంగతులంత ముచ్చటగా నున్నది. మంచి మంగలి తన మనస్సును కన్నును కత్తిమీదనే నిలుపును, మాటలలో పడినయెడల ఎదుటివాని ముక్కో గొంతో తెగునని ఆయన అతని పనిలోనుండియే పోలిక తీసెను. ప్రతి ఆజ్ఞను నాలుగు పేటల దండగా అల్లుకొమ్మనెను: ఇది నాకేమి నేర్పుచున్నది, దీనికై దేనికి కృతజ్ఞుడను, దీనియెదుట దేనిని ఒప్పుకొనవలెను, దీనినిబట్టి ఏమి అడుగవలెను. ప్రభువు ప్రార్థనలోని ఏడు మనవులలో ఒక్కదానియందే మనస్సు నిండిపోయినయెడల తక్కిన ఆరింటిని ఆ దినమునకు విడువవచ్చుననెను.

ఈ మంగలి కథలో సాధారణముగా చెప్పని భాగమొకటి యున్నది. ఆ 1535లోనే, ఈస్టరు పండుగనాళ్లలో, అతడు ఇంటివారి బల్లయొద్ద త్రాగి, తన అల్లుని కత్తితో పొడిచి చంపెను. లూథరు అతని పక్షమున వేడుకొనెను. అతడు మరణశిక్ష తప్పించుకొని, ఆస్తి పోగొట్టుకొని, దేశమునుండి వెళ్లగొట్టబడెను. ఈ సంగతిని దాచిపెట్టుటకు మాకు మనసొప్పలేదు. ధ్యానము తాయెత్తు కాదు. మంచి పుస్తకము ఇంటిలో నుండుటవలన సారా సీసా తనంతట తాను బయటికి పోదు. మన ఊళ్లలో ఉదయమున వేదపాఠము చదివి సాయంకాలము ఇప్పసారా అంగడివైపు నడచువారెందరో మీకును తెలియును. యాకోబు 1:23-25లో అద్దములో ముఖము చూచికొని వెళ్లి మరచిపోవువాని పోలిక వారికొరకే వ్రాయబడినది.

ఇక ఒక భాగమును తీసికొని చేసి చూతము. మార్కు 4:35-41. గోదావరి గట్టువారికి తుపానును గూర్చి వర్ణించి చెప్పనక్కరలేదు. భద్రాచలమువద్ద మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇచ్చెదరు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు వచ్చినది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినది. ఈ భాగమును మొదట ఒకసారి పైకి చదువుడి, లేక చదివించుకొని వినుడి. తరువాత కన్నులు మూసికొని ఆ పడవలో మీరెక్కడ నున్నారో చూచుకొనుడి. వేళ ఏది? సాయంకాలము. ఆయన ఎక్కడ నున్నాడు? పడవ వెనుకభాగమున, తలగడమీద. మార్కు ఒక్కడే ఆ తలగడను వ్రాసెను. దినమంతయు జనులకు బోధించి అలసిన మనుష్యుని నిద్ర అది. ఆ నిద్రయొద్దనే కొంతసేపు నిలువవచ్చును. మరియు 36వ వచనములో మనము ఎప్పుడును చూడక దాటిపోవు మాట యున్నది: ఆయన పడవ వెంట వేరే పడవలును ఉండెను. ఆ పడవలవారు ఆయనను లేపలేదు, ఆయన గద్దించుట వినలేదు; గాలి అణగినప్పుడు వారికిని నెమ్మది కలిగినది, ఎవరివలన కలిగినదో తెలియలేదు. మన ప్రార్థనవలన ఊరివారందరికిని వర్షము కురియుట మనము చూచుటలేదా?

38వ వచనములో శిష్యులు ఆయనను అడిగిన ప్రశ్న కటువైనది. మేము నశించిపోవుచుండగా నీకు చింతలేదా యన్న అర్థమునిచ్చు ప్రశ్న. 2022 వరదలలో బడియందుంచబడిన ఒక సహోదరికి ఈ భాగము చదివి వినిపించితిమి. ఆమె మట్టిగోడల యిల్లు కూలిపోయెను, మేకలు కొట్టుకొనిపోయెను. చదువు ముగియగానే ఆమె “అయ్యగారూ, నేను గూడ అదే అడుగుతున్న” అనెను. మేము జవాబు చెప్పలేదు. అటువంటి సమయమున చెప్పు జవాబులు వినువారికంటె చెప్పువారికే ఎక్కువ ఓదార్పునిచ్చునని మా అభిప్రాయము. ఆమె తరువాత ఆ ప్రశ్నను దాటి ముందుకు పోలేదు. ఎప్పుడు కలిసినను ఆ 38వ వచనముననే యుండెను. పంట కోతలు ముగిసిన పిమ్మట క్రిస్మసు దినములలో ఆమె మాతో ఇట్లనెను: “వాళ్లు ఆయన్ని లేపిండ్రు గదయ్యా. తిట్టినట్టే లేపిండ్రు. గని లేపిండ్రు.” అయిదు నెలల ధ్యానమున ఆమెకు దొరికినది ఇది. మేము దానిమీద ప్రసంగము చేయలేదు. చేసినయెడల అది పాడగునని భయపడితిమి.

ధ్యానము ఎల్లప్పుడును తియ్యగా నుండునని ఎవరైన చెప్పినయెడల వారికి 77వ కీర్తన చూపుడి. ఆసాపు దేవుని తలంచుకొనగా అతనికి నెమ్మది కలుగలేదు, మూలుగు పుట్టెను; కన్నులు మూతపడలేదు. అతడు దేవునిమీద ప్రశ్నమీద ప్రశ్న వేసెను. 7 మొదలు 9 వరకు అన్నియు ప్రశ్నలే. తరువాత 11, 12 వచనములలో పూర్వము దేవుడు చేసిన కార్యములను ఒక్కొక్కటి జ్ఞాపకమునకు తెచ్చుకొనుట మొదలుపెట్టెను. కీర్తన ముగియువరకు అతని ప్రశ్నలకు జవాబు వ్రాయబడలేదు. ఎఱ్ఱసముద్రములోని త్రోవ మాత్రము వ్రాయబడినది, అందులో దేవుని అడుగుజాడలు కనబడలేదనియు వ్రాయబడినది.

ఒకటి రెండు హెచ్చరికలు చెప్పి విడుతుము. ధ్యానములో కలిగిన ప్రతి తలంపును దేవుడు నాతో చెప్పెనని ఊరిలో చాటింపకుడి. బెరయవారివలె లేఖనములతో సరిచూచుకొని, పెద్దలతో చెప్పి చూడుడి. దినములకొలది నిద్రపట్టక, స్వరములు వినబడుచున్నవని ఎవరైన చెప్పినయెడల వారిని మరియొక ఉపవాస కూటమునకు ఈడ్చుకొనిపోక, వైద్యుని యొద్దకు తీసికొనిపోవుడి, తోడుగా ప్రార్థించుడి. మరియు మరియ ప్రభువు పాదములయొద్ద కూర్చుండిన కథను లూకా మంచి సమరయుని కథను ఆనుకొనియే వ్రాసెనని మరువకుడి (లూకా 10:25-42). కూలివారి కూలి ఎగవేసి తెల్లవారుజామున ధ్యానించు మోతుబరికి ఈ రెండు కథలను కలిపి చదివి వినిపింపవలెను. సంఘపెద్దలలో అట్టివారున్నయెడల వారికే మొదట.

ఈ నెల ఇంటి కూటములలో ప్రసంగములు తగ్గించి, ఒక్కొక్క వారము ఒక్క భాగమునే తీసికొనవలెనని కోరుచున్నాము. మొదటి వారము కీర్తన 1, రెండవ వారము లూకా 2:15-20, మూడవ వారము మార్కు 4:35-41, నాలుగవ వారము కీర్తన 77. ఒకరు నిదానముగా రెండుసార్లు చదువవలెను. తరువాత దీపపు వత్తి కొంచెము తగ్గునంతసేపు ఎవరును మాటలాడరాదు. పిల్లలు ఏడ్చినయెడల ఏడ్వనిండు. పిమ్మట ప్రతివారును తమకు నిలిచిన ఒక్క మాటను మాత్రము చెప్పవలెను. చదువురానివారిని మొదట చెప్పనిండు.